వడ్డించిన అనుభవాన్ని దాచుకోకండి

హోటల్ ఉద్యోగాల కోసం నా దగ్గరికి వచ్చే పిల్లల రెజ్యూమెల్లో ఒకటే లోపం. చెయ్యని పనుల గురించి బోలెడు మాటలుంటాయి, చేసిన పని ఊసే ఉండదు. ఈమధ్య ఒక కుర్రాడు తెచ్చిన కాగితమే చూడండి. మొదట్లో ఎక్కడినుంచో ఎత్తిరాసిన ఆబ్జెక్టివ్, కింద తండ్రి పేరు, పెళ్లి కాలేదన్న వివరం, హాబీల్లో క్రికెట్, ఆఖర్న డిక్లరేషన్. మాటల్లో పెడితే తెలిసింది, ఇంటర్ చదువుతున్నప్పటి నుంచి మేనమామ క్యాటరింగ్‌లో పెళ్లిళ్లకు వెళ్తున్నాడట. బంతికి 200 మంది కూర్చుంటే ఒక వరస మొత్తం అతనిదే. పప్పు గిన్నె సగానికి రాగానే వంటశాలకు కబురు పంపాలి, పెరుగు దాకా ఎవరి విస్తరీ ఖాళీగా ఉండకుండా చూడాలి. ఇదంతా ఎందుకు రాయలేదంటే, ‘వడ్డించేవాడనుకుంటారని నాన్న వద్దన్నారు సార్’ అన్నాడు.

ఈ నామోషీయే పిల్లల కొంప ముంచుతోంది. హోటల్ రంగంలో అందరూ కిందినుంచే మొదలుపెడతారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ (ఐహెచ్ఎం)లో డిగ్రీ చదివేవాళ్లు కూడా ట్రైనింగ్‌లో వంటగది, సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ నాలుగూ తిరగాల్సిందే. కూరగాయలు తరగాలి, పరుపులు సర్దాలి. ‘మా అమ్మాయిని ఫ్రంట్ ఆఫీసైతేనే పంపిస్తాం’ అని పట్టుబట్టే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. వంట మీద ఇష్టమున్న పిల్లను తీసుకెళ్లి రిసెప్షన్‌లో నిలబెడితే ఆ ఉద్యోగంలో ఎన్నాళ్లు ఉంటుంది?

ఆ కుర్రాడి చేత మళ్లీ రాయించాను. ‘మూడు పెళ్లి సీజన్లు వడ్డన. బంతికి 200 మంది, ఒక వరస బాధ్యత. బఫే కౌంటర్ సర్దడం, సరుకు లెక్క చూడటం వచ్చు.’ ఇంగ్లిష్‌లోనూ ఇంతే సూటిగా ఉండాలి. ఒక్క పేజీ చాలు. ఏ భాష ఎంతవరకు వచ్చో నిజం రాయండి, హిందీ వస్తే అది పెద్ద ఆస్తి. రాత్రి షిఫ్టుకు, పండగ రోజుల డ్యూటీకి సిద్ధమైతే ఆ మాటా చేర్చండి. వంటగదికి దరఖాస్తు చేసేవాళ్లు తందూరా, టిఫిన్లా, చైనీసా, ఏ సెక్షన్‌లో చేయి తిరిగిందో చెప్పాలి. ట్రేడ్ టెస్టులో పొయ్యి ముందు నిలబెట్టి వండమంటారు, రాని వంటకం రాస్తే అక్కడే దొరికిపోతారు. రెజ్యూమె స్వయంగా ఇవ్వడానికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల హడావుడి తగ్గాక వెళ్లండి.

ఇంటర్ పాసైనవాళ్లు ఎన్‌సీహెచ్ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ ఐహెచ్ఎం లాంటి చోట్ల చేరవచ్చు. ఇంటి పరిస్థితి అంతంత మాత్రమైతే మాత్రం మంచి హోటల్లో అప్రెంటిస్‌గా చేరమనే చెబుతాను. స్టైపెండ్ వస్తుంది, పనీ వస్తుంది, అప్పు ఉండదు.

నన్ను భయపెడుతున్నది ఓడ ఉద్యోగాల మోజు. ‘ఆర్నెల్ల డిప్లొమా, క్రూయిజ్‌లో గ్యారంటీ ప్లేస్‌మెంట్’ అన్న ఫ్లెక్సీ చూసి పొలం తాకట్టు పెట్టిన ఇళ్లున్నాయి. ఓడ ఎక్కడానికి ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా శిక్షణ, నావికుల గుర్తింపు పుస్తకమైన సీడీసీ కావాలి. హోటల్లో పనిచేసిన అనుభవం కూడా చూస్తారు. డిప్లొమా కాగితం ఒక్కదానితో పని జరగదు. ఓడల్లోకి మనుషుల్ని తీసుకునే ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకునే హక్కు అతనికి లేదు. సీటు ఖాయం చేస్తాం, లక్షలు కట్టమన్నారంటే లేచి వచ్చేయండి.

గల్ఫ్ హోటళ్ల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద వెళ్తే అక్కడే వర్క్ వీసాగా మార్పిస్తామంటే ఒప్పుకోకండి. జీతం, డ్యూటీ గంటలు, వసతి, భోజనం ఆఫర్ లెటర్‌లో రాసి ఉన్నాకే సంతకం పెట్టండి. ఆ కాగితం నకలొకటి ఇంట్లో ఉంచి వెళ్లండి.