గేటు దగ్గర ఆగే బుల్లి బస్సు నేర్పే పాఠం



10వ తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంతం పాఠం మనమందరం చదివినదే. ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి సెల్లు కలిపితే మేకు అయస్కాంతంగా మారుతుందని పరీక్షలో రాస్తాం. మార్కులు వస్తాయి. అంతటితో ఆ సంగతి మర్చిపోతాం. కానీ ఆ జవాబుతోనే డ్రైవరు లేని బస్సును రోడ్డు మీద నడపవచ్చు, బస్టాపులో ఆపవచ్చు, రైలు వస్తుంటే గేటు దగ్గర నిలబెట్టవచ్చు. జర్మనీలో నమూనా రైలు మార్గాలు కట్టేవారు ఈ పనిని 30 ఏళ్లకు పైగా చేస్తున్నారు. ఆ బస్సు ఎలా నడుస్తుందో, దాని నుండి మనం ఏమి నేర్చుకోవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

1. కొలత లెక్క

నమూనా రైలు అంటే తాళం తిప్పి నేల మీద వదిలే బొమ్మ కాదు. నిజమైన రైలును, స్టేషనును, వంతెనను, రోడ్డును, మనుషులను అందరినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి బల్ల మీద కట్టే చిన్న ఊరు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే నిష్పత్తి 1:87. దీనిని 'హెచ్ఓ' కొలత అంటారు. ఇందులో రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు లెక్క చేద్దాం. 12 మీటర్ల పొడవైన బస్సును 87తో భాగిస్తే సుమారు 13.8 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మన పెన్ను పొడవు. 2.5 మీటర్ల వెడల్పు 2.9 సెంటీమీటర్లు అవుతుంది. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి 2 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు. వేగం కూడా తగ్గాలి. గంటకు 40 కిలోమీటర్లు పోయే బస్సు, నమూనాలో సెకనుకు సుమారు 13 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. మీటరు రోడ్డు దాటడానికి దాదాపు 8 సెకన్లు పడుతుందన్నమాట. అంతకన్నా వేగంగా పోతే చూసేవారికి అది బస్సులా కాక బొమ్మలా కనిపిస్తుంది.

బరువు సంగతి మరీ విచిత్రం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతుకు తగ్గుతాయి కాబట్టి బరువును 87 ఘనంతో, అంటే 6,58,503తో భాగించాలి. 12 టన్నుల బస్సు 18 గ్రాములకు దిగుతుంది. మోటారు, బ్యాటరీ, ఇనుప ఇరుసులు ఉంటాయి కాబట్టి అసలు నమూనా అంతకన్నా ఎక్కువే తూగుతుంది. పొడవు తగ్గినంతగా బరువు తగ్గదు, దానికన్నా ఎన్నో రెట్లు తగ్గుతుంది అన్న గణిత సూత్రం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

2. బస్సుకు కరెంటు ఎక్కడి నుండి వస్తుంది?

నమూనా రైలుకు ఈ ఇబ్బంది లేదు. పట్టాలు లోహం, చక్రాలు లోహం. ఒక పట్టా ధనధ్రువం, రెండవది రుణధ్రువం. చక్రాల ద్వారా కరెంటు మోటారుకు చేరుతుంది. బస్సుకు అలా కుదరదు. దాని చక్రాలకు రబ్బరు టైర్లు, కింద రోడ్డు. రెండూ విద్యుత్ బంధకాలే.

దీనికి ముందుగా రెండు ఉపాయాలు వచ్చాయి. ఒకటి, తలపై రెండు తీగలు కట్టి ట్రాలీబస్సు నడపడం. రెండవది, రోడ్డు మధ్యలో గాడి పెట్టి, దాని పక్కన లోహపు పట్టీలు పరచి కారుకు కరెంటు ఇవ్వడం. జర్మనీలోని ఫాలర్ అనే సంస్థ 1963లో ఈ రెండవ పద్ధతిలో కార్లను అమ్మింది. ఈ సంస్థను ఇద్దరు అన్నదమ్ములు 1946లో నల్ల అడవి ప్రాంతంలోని గూటెన్‌బాఖ్ అనే చిన్న ఊరిలో స్థాపించారు. అయితే రోడ్డు మధ్య గాడి చూడటానికి బాగుండదు. నిజమైన రోడ్డుకు గాడి ఉండదు కదా.

1989లో అదే సంస్థ కొత్త పద్ధతిని తెచ్చింది. కరెంటును రోడ్డులో వెతకకుండా బస్సు కడుపులోనే చిన్న రీచార్జి బ్యాటరీ పెట్టారు. మోటారు తిరిగే వేగాన్ని మర చక్రం, పళ్ల చక్రం ద్వారా బాగా తగ్గించి వెనుక ఇరుసుకు అందించారు. రోడ్డు పైకి ఏమీ కనిపించదు. బస్సు తనంత తానుగా పోతున్నట్టే ఉంటుంది.

3. స్టీరింగు ఎవరు తిప్పుతారు?

రోడ్డు పైపొరలో సన్నని గాడి తీసి, అందులో ఇనుప తీగ పరుస్తారు. పైన పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తారు. తీగ ఎక్కడుందో కంటికి తెలియదు. బస్సు ముందు ఇరుసుకు అటూ ఇటూ తిరిగే ఒక చిన్న కడ్డీ కలిపి, దాని కొనకు బుల్లి అయస్కాంతం అమరుస్తారు. అది రోడ్డును ఆనుకుని జరుగుతుంటుంది. తీగ ఎటు వంపు తిరిగితే అయస్కాంతం అటు జరుగుతుంది. కడ్డీ తిరుగుతుంది, ముందు చక్రాలు తిరుగుతాయి. తీగకు కరెంటు ఏమీ ఇవ్వరు. అది దారి చూపుతుందంతే.

మలుపు దగ్గర ఒక జాగ్రత్త కావాలి. పొడవైన బస్సు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపుకు జరిగి వస్తాయి. అందుకే నమూనా కట్టేవారు మలుపులో రోడ్డును వెడల్పు చేసి, లోపలి అంచున దీపస్తంభాలు, మనుషుల బొమ్మలు పెట్టరు. మన ఊరి సెంటరులో ఆర్టీసీ బస్సు తిరిగినా జరిగేది ఇదే. ముందు భాగం మనల్ని దాటిపోయింది కదా అని మలుపు లోపలి వైపున నిలబడకూడదు. వెనుక చక్రం మన వైపుకే వస్తుంది.

4. బ్రేకు ఎవరు వేస్తారు?

ఇక్కడే మన పాఠం పనికివస్తుంది. బస్సులో రీడ్ స్విచ్ అనే భాగం ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో అయస్కాంతానికి స్పందించే సన్నని లోహపు రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరకు వస్తే రేకులు కదిలి వలయం మారుతుంది. 1936లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ఎల్‌వుడ్ అనే ఇంజనీరు దీనిని రూపొందించారు.

రోడ్డు కింద, తీగకు కాస్త పక్కగా ఒక విద్యుదయస్కాంతం బిగిస్తారు. దానికి కరెంటు ఇస్తే పైకి వచ్చిన బస్సులోని రీడ్ స్విచ్ తెరుచుకుంటుంది, మోటారుకు కరెంటు ఆగుతుంది, బస్సు నిలబడుతుంది. కరెంటు తీసేస్తే మళ్లీ బయలుదేరుతుంది. బస్టాపులో 10 సెకన్లు ఆపాలంటే ఒక టైమరు చాలు.

5. రైలు గేటు దగ్గర

నమూనా ఊరిలో అందరూ నిలబడి చూసే చోటు రైలు గేటు. రైలు గేటుకు ఇంకా దూరంగా ఉండగానే పట్టాల దగ్గరి సెన్సారు దానిని గుర్తిస్తుంది. గేటు పడుతుంది, రోడ్డు కింది విద్యుదయస్కాంతానికి కరెంటు వెళుతుంది, బస్సు ఆగుతుంది. రైలు చివరి పెట్టె గేటు దాటి రెండవ సెన్సారును కూడా దాటిన తర్వాతే గేటు లేవాలి. ఇంజను దాటగానే లేస్తే పెట్టెల మీదకు బస్సు పోతుంది. రైలు మధ్యలో ఆగిపోయినా గేటు మూసే ఉండాలి. ఇంకొక మెలిక ఉంది. రోడ్డులోని ఇనుప తీగను పట్టాల కింద తెగకుండా వేస్తే అది రెండు పట్టాలకూ తగిలి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కాబట్టి పట్టాల దగ్గర తీగను తుంచి చిన్న ఖాళీ వదలాలి. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటే బస్సు ఆ ఖాళీని సులువుగా దాటేస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. బస్సు గేటు ముందు నిలబడి ఉంది. రైలు వస్తోంది. ఆ క్షణంలో విద్యుదయస్కాంతం తీగ తెగిపోతే ఏమవుతుంది?

కరెంటు ఉంటేనే ఆగే బస్సు, కరెంటు పోగానే కదులుతుంది. తిన్నగా రైలు కిందకు పోతుంది. నమూనాలో అయితే రంగు ఊడుతుంది, ఇరుసు వంగుతుంది. నిజమైన రైల్వేలో ఇలాంటి ఏర్పాటును ఒప్పుకోరు. అక్కడి మూలసూత్రం ఒక్కటే: ఏది చెడిపోయినా సిగ్నలు 'ఆగు' అనే చెప్పాలి. పాతకాలపు చేయి సిగ్నలులో లాగే తీగ తెగితే బరువు వల్ల చేయి తనంత తానుగా 'ఆగు' స్థితికి వచ్చేది. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ కూడా అంతే. పట్టాలలో ఎప్పుడూ చిన్న కరెంటు పారుతూ ఒక రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వస్తే చక్రాలు ఆ కరెంటును తమ గుండా మళ్లిస్తాయి, రిలే వదిలేస్తుంది, ఎరుపు దీపం వెలుగుతుంది. తీగ తెగినా రిలే వదిలేస్తుంది, అప్పుడూ ఎరుపే.

మరి మన బుల్లి బస్సుకు ఆ భద్రత ఎలా ఇవ్వాలి? రోడ్డు కింద శాశ్వత అయస్కాంతాన్ని స్ప్రింగుతో పైకి ఆనించి ఉంచాలి. దారి ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే కరెంటుతో దానిని కిందికి లాగాలి. కరెంటు పోతే స్ప్రింగు దానిని పైకి నెడుతుంది, బస్సు ఆగిపోతుంది. సామాను దాదాపు అదే. ఆలోచన మాత్రం తలకిందులైంది.

ఇది బొమ్మల సంగతి మాత్రమే కాదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైలు గేటును దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొన్నది. బడికి బయలుదేరిన పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లన్నింటినీ 2019 జనవరి 31 నాటికి తొలగించారు. మనిషి చూసుకుంటాడులే అని వదిలిన చోట ప్రమాదం పొంచి ఉంటుందని, ముందే ఆలోచించి కట్టిన ఏర్పాటు ప్రాణాలు కాపాడుతుందని మనం తెలుసుకోవాలి.

6. బ్యాటరీ లెక్క

నికెల్ రకం రీచార్జి సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు ఇస్తుంది. రెండు వరుసగా కలిపితే 2.4 వోల్టులు. లిథియం సెల్లు ఒక్కటే 3.7 వోల్టులు ఇస్తుంది. ఉదాహరణకు బ్యాటరీ సామర్థ్యం 100 మిల్లీ ఆంపియర్ గంటలు, మోటారు తీసుకునేది 40 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 100ను 40తో భాగిస్తే రెండున్నర గంటలు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అసలు సమయం ఇంకా తగ్గుతుంది.

లిథియం సెల్లును గుచ్చకూడదు, రెండు ధ్రువాలను తగిలించకూడదు, దానికి తగని చార్జరు పెట్టకూడదు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీతో ఆటలాడకూడదు. అది అంటుకుంటే గదంతా పొగతో నిండుతుంది.

హాంబర్గు నగరంలో 2001లో ఫ్రెడరిక్ బ్రౌన్, గెరిట్ బ్రౌన్ అనే కవల సోదరులు ప్రారంభించిన మినియేచర్ వండర్‌లాండ్‌లో వందల వాహనాలు ఇలా తిరుగుతుంటాయి. వాటిని కంప్యూటర్లు నడిపిస్తాయి. బ్యాటరీ తగ్గిన వాహనం తానే చార్జింగు చోటుకు వెళ్లి నిలబడుతుంది.

7. మనం చేయదగిన ప్రయోగం

ఆ బస్సులు ఖరీదైనవి. కానీ వాటిలోని సూత్రానికి ఖరీదు లేదు. కావలసినవి: పాత నోటుపుస్తకాల అట్టలు, మేస్త్రీలు ఇనుప చువ్వలకు కట్టే కట్టుతీగ మూరెడు, చిన్న అయస్కాంతం, అగ్గిపెట్టె, బోర్డు పిన్ను.

అ) తీగను పాములా నెమ్మదిగా వంచి అట్ట కింద టేపుతో అంటించాలి.
ఆ) సన్నని అట్టముక్క ఒక కొనకు అయస్కాంతం అంటించి, రెండవ కొనను అగ్గిపెట్టె ముందు భాగాన పిన్నుతో వదులుగా గుచ్చాలి. ముక్క అటూ ఇటూ తిరగాలి.
ఇ) అట్ట మీద అగ్గిపెట్టెను వెనుక నుండి మెల్లగా నెట్టాలి. అయస్కాంతం కొన తీగ వెంట తిరగడం కనిపిస్తుంది.
ఈ) తీగపై రెండు, మూడు, నాలుగు అట్టలు పేర్చి చూడాలి. ఎన్నో అట్ట దగ్గర అయస్కాంతం మాట వినడం మానేసిందో రాసుకోవాలి. దూరం పెరిగితే బలం ఎంత త్వరగా పడిపోతుందో తెలుస్తుంది.
ఉ) మేకుకు పూత ఉన్న రాగి తీగను 50 చుట్లు, తర్వాత 100 చుట్లు చుట్టి, కొనల దగ్గర పూత గీకి, 1.5 వోల్టుల సెల్లు కలిపి ఎన్ని గుండుసూదులు లేస్తాయో లెక్కించాలి. రెండు మూడు సెకన్లకు మించి కలిపి ఉంచితే తీగ వేడెక్కుతుంది. గోడ ప్లగ్గు కరెంటును ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

ఆలోచించండి

1. చుట్లు రెట్టింపు చేస్తే సూదులు సరిగ్గా రెట్టింపు అయ్యాయా? కాకపోతే తీగ నిరోధం గురించి ఏమి చెప్పవచ్చు?
2. ఇనుప తీగ బదులు రాగి తీగ పరిస్తే బస్సు దారి పడుతుందా?
3. మన హాస్టలులో చెడిపోతే ప్రమాదం వైపుకు పోయేవి ఏవి? చెడిపోయినా భద్రంగా ఆగిపోయేవి ఏవి? రెండు జాబితాలు రాయండి.

తమ్ముళ్లారా, మనలో కొందరు ఐటీఐకి, కొందరు పాలిటెక్నిక్‌కు వెళతారు. ఒకరు రైల్వే సిగ్నలు విభాగంలో చేరవచ్చు, ఒకరు బస్సు డ్రైవరు కావచ్చు, ఒకరు కరెంటు పని చేసుకోవచ్చు. ఏ పనిలో ఉన్నా 'ఇది చెడిపోతే ఏమవుతుంది?' అని ముందుగా అడిగేవాడి చేతిలో పదిమంది ప్రాణాలు భద్రంగా ఉంటాయి. మూడవ ప్రశ్నకు మీ జాబితాలు మాకు ఇవ్వండి. వాటిలో సరిచేయగలిగినవి ఉంటే వార్డెను గారికి చూపి ఈ ఏడాదే సరిచేయిద్దాం.