జమ్మలమడుగు డాక్టరు కాంప్‌బెల్

కాంప్‌బెల్ ఆసుపత్రి పేరు మన ప్రాంతంలో విననివారు అరుదు. ఆ పేరు గల మనిషిని ఎరిగినవారు అంతకంటె అరుదు.

లండను మిషనరీ సొసైటీ కడపలో 1822లోనే పని ప్రారంభించింది. ఆ శతాబ్ది చివర ఆ సంస్థ పక్షాన జమ్మలమడుగుకు వచ్చిన వైద్యుడు థామస్ విన్సెంట్ కాంప్‌బెల్. మత ప్రచారానికి వచ్చినవాడే గదా అని కొందరనవచ్చు. నిజమే. అయినా జ్వరపీడితునికి కావలసినది మందు. ఆ మందు అక్కడ దొరికింది.

ఆనాటి వైద్యం ఎట్టిదో విద్యార్థులు ఊహించుకోవాలి. పెన్సిలిన్‌ను 1928లో గాని కనుగొనలేదు. కోసిన గాయం చీము పట్టకుండా ఉండాలంటే 1867లో లిస్టరు ప్రకటించిన క్రిమినాశక పద్ధతే శరణ్యం. మత్తుకు క్లోరోఫారం ఉండేది. అది ముందుగా ఆపేది గుండెనా, ఊపిరినా అన్న వివాదం తేల్చడానికి నిజాం పోషణలో 1888, 1889లలో హైదరాబాదులోనే రెండు కమిషన్లు పరిశోధించాయి. జమ్మలమడుగుకు రైలు 2016లో గాని రాలేదు. నాటి రోగులకు ఎడ్లబండే గతి.

ఇంతటి పనిగల వైద్యునికి వేరొక వ్యాసంగమా? ఆ కాలపు బ్రిటిష్ వైద్య విద్యార్థులు అటువంటివాటిని చదువుకు శత్రువులుగా ఎంచలేదు. లండను ఆసుపత్రుల విద్యార్థులు రగ్బీ కప్పు కోసం 1875 నుండి పోటీపడ్డారు. కాంప్‌బెల్ మనస్సు కీటకాలపై నిలిచింది. జమ్మలమడుగు తరువాత ఆయన మైసూరు సంస్థానంలోని చిక్కబళ్ళాపురంలో వైద్యం చేశాడు. అక్కడ ఆయన సేకరించిన పురుగులు లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చేరాయి. నల్లి, పచ్చదోమ వంటి రసం పీల్చే కీటకాలపై డిస్టెంటు 1918లో వెలువరించిన సంపుటంలో చిక్కబళ్ళాపురం పేరు, దాని పక్కనే కాంప్‌బెల్ పేరు మరల మరల కనబడతాయి.

పురుగును పట్టడం గొప్పగాదు. దానికి గుచ్చిన చీటీ గొప్ప. ఏ ఊరు, ఎవరు పట్టారు అన్న రెండు మాటలు లేకుంటే అది శాస్త్రానికి దాదాపు నిరుపయోగం. రోగి వివరాలు పుస్తకంలోకి ఎక్కించే చేతికి ఈ క్రమశిక్షణ కొత్త కాదు గదా!

ఆటస్థలానికి, ప్రయోగశాలకు వెచ్చించేది చదువుకు వెచ్చించినట్లు కాదని వాదించేవారు ఉన్నారు. వారితో మేము ఏకీభవించలేము. పాఠ్యపుస్తకం బయట ఒక విషయంపై చూపు నిలిపినవాడు పాఠ్యపుస్తకాన్ని గూడ శ్రద్ధగానే చదువుతాడని మా అనుభవం. కార్యవర్గ సభ్యులు వచ్చే బడ్జెటులో ఈ పద్దులను కోయవద్దని మనవి. విద్యార్థులకు మేము చెప్పేది ఇంకా తేలిక: ఈ సెలవులలో పెన్న ఒడ్డున ఒక్క పురుగునైనా పట్టండి, ఊరు, తేదీ, మీ పేరు చీటీపై వ్రాసి తెండి.