కూలెంట్ పోయించుకునే ముందు: తరచూ అడిగే ప్రశ్నలు

నా కారులో ఉన్నది ఆకుపచ్చ కూలెంట్. ఏ ఆకుపచ్చ డబ్బా కొన్నా సరిపోతుందా?

సరిపోదు. ఆ రంగు కంపెనీ కలిపిన డై మాత్రమే. ఏ రకానికి ఏ రంగన్న ఉమ్మడి కట్టుబాటు లేదు. అసలు తేడా తుప్పును ఆపే రసాయనాల్లో ఉంటుంది. పాతకాలపు ఐఏటీ రకం కూలెంట్‌లో సిలికేట్లు, ఫాస్ఫేట్ల వంటివి వాడతారు. అవి లోహం మీద వెంటనే పొర కడతాయి, త్వరగా ఖర్చయిపోతాయి. అందుకే దాదాపు రెండేళ్లకే మార్చాలి. ఓఏటీ రకంలో ఉండేవి సేంద్రియ ఆమ్లాలు. ఇవి నిదానంగా అరుగుతాయి కాబట్టి సుమారు ఐదేళ్లు వస్తాయి. హెచ్‌ఓఏటీ ఈ రెంటి కలయిక. రకాలు కలిపితే తుప్పు నుంచి రక్షణ తగ్గుతుంది, ఒక్కోసారి మడ్డి పేరుకుని రేడియేటర్ సన్నగొట్టాలు పూడిపోతాయి. రంగు చూసి పోసే మెకానిక్‌ను అక్కడే ఆపండి. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ డబ్బా మీద కనిపించాలి.

మన ఊళ్లో గడ్డకట్టే చలి లేదుగా, నీళ్లు చాలవా?

చాలవు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిస్తే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది లడఖ్ వెళ్లేవారికి అక్కరకొచ్చే గుణం. మే నెలలో ఏసీ వేసుకుని విజయవాడ ట్రాఫిక్‌లో నిలబడే బండికి కావలసింది త్వరగా మరగకపోవడం, తుప్పు పట్టకపోవడం. బోరు నీళ్లు పోస్తే లోపల గార కడుతుంది. కాన్సన్‌ట్రేట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. రెడీ టు యూజ్ డబ్బాలో చుక్క నీరు కూడా కలపనక్కర్లేదు.

తీసేసిన పాత కూలెంట్‌ను కాలువలో పోయవచ్చా?

వద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు, కుక్కలు తాగితే ప్రాణాపాయం. మూత బిగించి గ్యారేజీకి అప్పగించండి.

ఏ కూలెంట్ పోశారో సర్వీస్ సెంటర్ చెప్పడం లేదు. అడిగే హక్కు ఉందా?

ఉంది. కొన్న వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర తెలుసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఇచ్చిన హక్కు. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. బిల్లులో ఊరికే 'కూలెంట్' అని ఉంటే ఒప్పుకోకండి. బ్రాండ్, రకం, ఎన్ని లీటర్లు పోశారో రాయించండి. డబ్బా లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రేపు వారంటీ దగ్గర పేచీ వస్తే మీ చేతిలో ఉండే ఆధారాలు ఇవే.

తప్పు కూలెంట్ వల్ల ఇంజన్ పాడైతే?

ముందు లిఖితపూర్వకంగా సర్వీస్ సెంటర్‌నే అడగండి. వారంటీ వర్తించదంటే కారణం రాసిమ్మనండి. బండిలోంచి తీసిన కూలెంట్‌ను కొంత సీసాలో దాచమనండి, పారబోస్తే పరీక్షకు ఏమీ మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి.