ఆటలో ఇంగ్లీషు మాట

"టీచరమ్మా, నాకు తెలుగు చదవటమే మొన్న మొన్న వచ్చింది. బిడ్డకు ఇంగ్లీషు ఏం నేర్పను?" అంగన్‌వాడీలో ఒక తల్లి బెంగగా అడిగింది.

"నీకు బస్సు తెలుసా? గ్లాసు, పెన్ను?"

"తెలియకేం?"

"అవి ఇంగ్లీషు మాటలేనమ్మా. చివర మనం 'ఉ' కలుపుకున్నాం. అది తీసేసి బస్, గ్లాస్, పెన్ అను."

నిజమే కదా, అక్కలారా!

మూడేళ్ల బిడ్డ ఏ మాటైనా ముందు వింటుంది. తర్వాతే పలుకుతుంది. తెలుగు అలాగే వచ్చింది. అందుకే ఏ, బి, సి, డిలు దిద్దించే తొందర వద్దు. "కమ్" అని చేత్తో పిలవండి. "సిట్" అని మీరూ కూర్చోండి. "జంప్" అని గెంతండి. చూసి నవ్వేవాళ్లను నవ్వుకోనివ్వండి! రెండు రోజులయ్యాక మీరు గెంతకుండా "జంప్" అనండి. బిడ్డ గెంతిందా, మాట తెలిసినట్టే.

ఉల్లిపాయలు బుట్టలో వేస్తూ వన్, టూ, త్రీ అని లెక్కపెట్టించండి. తప్పు పలికితే కసరకండి. సరైన మాట మీరే ఇంకోసారి అనండి. రాత్రి కథ మాత్రం తెలుగులోనే చెప్పండి.

వారం తిరిగింది. ఆ తల్లి బియ్యం చెరుగుతోంది. బిడ్డ ఎదురుగా నిలబడి, "అమ్మా, స్టాండ్!" అంది.

తల్లి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.