చికిత్సలో మూడవ పాదం

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి - ఈ నాలుగింటిని చికిత్సకు నాలుగు పాదాలుగా చరకసంహిత పేర్కొన్నది. పరిచారకునికి సేవాజ్ఞానం, దక్షత, అనురాగం, శుచిత్వం ఉండాలన్నది. గృహస్థ జీవితంలో ఆ స్థానం తరచుగా జీవిత భాగస్వామిదే.

అరకు లోయలోని ఒక గిరిజన దంపతులను భావించండి. శుక్లం కమ్మి, ఎర్రని కాఫీ పండ్లకూ పచ్చికాయలకూ భేదం తెలియని స్థితి భర్తది. భార్య గ్రామదేవతకు మొక్కి, అతని చేయి పట్టుకొని కొండ దిగుతుంది. ఆసుపత్రిలో కంటికి మాత్రమే మత్తు ఇచ్చి, మసకబారిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ ప్రారంభించిన విధానమిది. సాధారణంగా ఆనాడే ఇంటికి పంపుతారు.

అసలైన పరిచర్య అటుపిమ్మట మొదలవుతుంది. చేతులు కడుగుకొని వేళకు చుక్కల మందు వేయాలి. కన్ను నలపనీయరాదు; పొయ్యి పొగ సోకనీయరాదు. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా వెంటనే వైద్యునికి చూపాలి. మొక్కు ఆమెకు ధైర్యమిస్తుంది. ఆ ధైర్యంతోనే ఆమె మందు వేళ తప్పనీయదు. వైద్యాన్ని విడనాడని విశ్వాసమే రోగికి రక్ష.

అర్థాలు: దక్షత = నేర్పు; పరిచర్య = సేవ.

ప్రశ్న: పరిచారకుని నాలుగు గుణాలు ఈ భార్యలో ఎట్లు కనిపించినవో వివరింపుము.