డిజిటల్ పాలనపై పరిశోధన – పంచాయతీ సభ్యుని స్థానము

ఉపాధి కూలి, పింఛను, భూమి హక్కుల నమోదు మున్నగునవి నేడు కంప్యూటరు ద్వారమున జరుగుచున్నవి. యంత్రము వచ్చినంతమాత్రమున ప్రజలకు మేలు కలిగినదని తలంపరాదు, పరీక్షించి తెలిసికొనవలెను.

ఇట్టి పరీక్ష మన తెలుగునాట జరిగియే యున్నది. కూలిని, పింఛనును వేలిముద్ర సరిచూచి చెల్లించు స్మార్టుకార్డులను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రవేశపెట్టినప్పుడు, 2010 నుండి 2012 వరకు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రభుత్వముతో కలసి వాని ఫలితమును పరిశీలించిరి. రంగారెడ్డికి పొరుగుననున్న నల్లగొండతో సహా 8 జిల్లాలలో, కార్డులు ముందుగా పొందవలసిన 112 మండలములను, చివరకు పొందవలసిన 45 మండలములను లాటరీ పద్ధతిని నిర్ణయించిరి. పలుకుబడిగల మండలములకే ముందుగా ఇచ్చియుండినచో, కనిపించిన మేలు కార్డుదో పలుకుబడిదో తేలెడిది కాదు. కార్యాలయపు కాగితములతో తృప్తిపడక, కూలివారి ఇండ్లకు పోయి విచారించిరి. రెండేండ్లలో సుమారు సగము చెల్లింపులే కార్డులకు మారినను, కూలి త్వరగా అందెను. సొమ్ము తీసికొనుటకు పట్టు కాలము సుమారు 22 నిమిషములు తగ్గెను. నడుమ మాయమగు సొమ్మును తగ్గెను.

భూమి వ్యవహారము ఇంతకంటె చిక్కైనది. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిగారు తమ కార్యాలయములోనే సజీవదహనమునకు గురియైరి. ఆమెను కాపాడబోయిన డ్రైవరును మరణించెను. ఏ తగవును అట్టి క్రౌర్యమును సమర్థింపజాలదు. కాని దాని వెనుక వినవచ్చినది పాసుపుస్తకపు తగవు. అటుపిమ్మట 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. ఈ మార్పుల మంచిచెడ్డలను ఒక్క శాస్త్రము తేల్చజాలదు. ఇంజనీరు యంత్రపు వేగమును చెప్పును. న్యాయవాది అప్పీలు మార్గమును చూచును. సర్వేయరు గట్టును కొలుచును. ఆర్థికవేత్త రైతుకైన ఖర్చును లెక్కించును. తిరస్కరింపబడిన దరఖాస్తు కంప్యూటరులో కనబడును. అసలు దరఖాస్తే పెట్టజాలనివాని జాడ ఎచ్చటను ఉండదు. అతడెవరో వార్డు సభ్యునికి తెలియును.

కావున ప్రశ్నలు వ్రాయునాడే పంచాయతీ సభ్యుడు ఆ పండితుల సరసన కూర్చుండవలెను. ఇండ్లు చూపుటకు మాత్రమే పిలిచినచో చాలదు. పరిశోధకులు మీ గ్రామమునకు వచ్చినప్పుడు, దేనితో దేనిని పోల్చుచున్నారో, మార్పునకు ముందటి లెక్క తీసిరో లేదో అడుగుడు. ఆధార్, సర్వే నంబర్లు సేకరించినచో వానిని ఎచ్చట భద్రపరతురో వ్రాతమూలకముగ తీసికొనుడు. ఫలితములను గ్రామసభలో తెలుగున చదివి వినిపింతుమని ముందే ఒప్పించుకొనుడు.