వసంతారంభంలో బ్లూగిల్, బాస్ చేపలకు గాలపు ఈగల ఎంపిక

అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ కుంటలలో బ్లూగిల్, లార్జ్‌మౌత్ బాస్ చేపలను కలిపి పెంచడం సాధారణం. అలబామాలోని ఆబర్న్‌లో హెచ్.ఎస్. స్వింగిల్ జరిపిన పరిశోధనలు, 1950లో ప్రచురించిన విశ్లేషణ ఈ పద్ధతికి శాస్త్రీయ పునాది వేశాయి. బాస్ చేప బ్లూగిల్ పిల్లలను తిని వాటి సంఖ్యను అదుపులో ఉంచుతుంది. బాస్‌ను అధికంగా పట్టివేస్తే బ్లూగిల్ చేపలు కిక్కిరిసి, ఆహారం చాలక గిడసబారిపోతాయి. కనుక ఏ చేపను ఎప్పుడు పట్టాలన్నది కుంట యాజమాన్యంలో భాగమే. గాలానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగు లేదా చిరుచేప రూపంలో తయారుచేసే ‘ఈగ’ ఇందుకు ఒక సాధనం.

నీటి ఉష్ణోగ్రత ప్రభావం

చేపలు శీతరక్త జీవులు. నీరు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు వాటి జీర్ణక్రియ మందగిస్తుంది, ఆహారాన్ని వెంటాడవు. అక్కడి రైతులు నేల ఉష్ణోగ్రత చూసి మొక్కజొన్న విత్తినట్లే, ఈగను కూడా తేదీని బట్టి కాక నీటి ఉష్ణోగ్రతను బట్టి ఎంచుకోవాలి. ఎండ ఎక్కువగా పడే ఉత్తరపు గట్టు వెంబడి లోతు తక్కువ నీరు ముందుగా వేడెక్కుతుంది. అందువల్ల మధ్యాహ్నం తరువాత ఆ భాగం అనుకూలం.

దశలవారీ ఎంపిక

1. 10 డిగ్రీల లోపు: బ్లూగిల్‌కు అడుగు బురదలోని కైరోనోమిడ్ లార్వాలను పోలిన 12 లేదా 14 సంఖ్య ఈగలు తగినవి. గాలం సంఖ్య పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. ఈగను అడుగుకు చేర్చి, దాదాపు కదలకుండా ఉంచాలి.

2. 10 నుండి 15 డిగ్రీలు: బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ముందు ఒడ్డుకు చేరి మేత మేస్తాయి. చిరుచేపను పోలిన క్లౌసర్ మిన్నో, మెత్తటి ఈకల తోక గల వూలీ బగ్గర్ 4 లేదా 6 సంఖ్యలో వాడవచ్చు. ఆ ఈకలు ఈగ నిలిచి ఉన్నా నీటిలో కదలాడుతూ ప్రాణం ఉన్నట్లు కనిపిస్తాయి. బ్లూగిల్‌కు సూదితూనీగ పిల్లపురుగును పోలిన 10 సంఖ్య ఈగ చాలు.

3. 15 నుండి 20 డిగ్రీలు: ఈ దశలో బాస్ గూళ్లు కడతాయి. మగచేప గుడ్లకు, పిల్లలకు కాపలా కాస్తుంది. దానిని గాలంతో లాగివేస్తే కొద్ది సేపటిలోనే బ్లూగిల్ చేపలు గూటిపై పడి గుడ్లను తినివేస్తాయి. కాబట్టి పెద్ద ఈగలను పక్కన పెట్టి, గూళ్లకు దూరంగా చిన్న ఈగలతో బ్లూగిల్‌ను మాత్రమే పట్టడం మేలు.

4. 20 డిగ్రీలు దాటాక: బ్లూగిల్ గూళ్లు కట్టడం మొదలవుతుంది. నీటిపై తేలే ఈగలకు ఇదే అదను. అంతకుముందు వీటి వలన ప్రయోజనం స్వల్పం.

జాగ్రత్తలు

బ్లూగిల్ నోరు చిన్నది. పెద్ద ఈగను మింగలేదు. బాస్ మాత్రం చిన్న ఈగకూ తగులుతుంది. అందుచేత గాలపు ఎదురుముల్లును పట్టకారుతో అణచివేస్తే, తగిలిన బాస్‌ను గాయం లేకుండా నీటిలోకి వదలవచ్చు.

ముగింపు

థర్మామీటరు చూసి ఈగను ఎంచుకుంటే పట్టుబడి పెరగడమే కాక, బాస్ సంతతి నిలిచి కుంటలో సమతుల్యత కొనసాగుతుంది. అలవాటు కొద్దీ అన్ని వారాలూ ఒకే పెద్ద ఈగను విసిరితే, ఆ వసంతంలో పట్టిన బాస్‌కు మూల్యం తరువాతి సంవత్సరాలలో గిడసబారిన బ్లూగిల్ రూపంలో చెల్లించవలసి వస్తుంది.